తక్కువ డేటాతో సూర్యుడి వర్ణపటాన్ని పరిశీలించడం: హినోడే ఉదాహరణతో ఒక సమగ్ర మార్గదర్శి

హినోడే అంటే జపనీస్‌లో సూర్యోదయం. 2006 సెప్టెంబర్‌లో జపాన్‌లోని ఉచినౌరా నుంచి ఎగిరిన ఈ సూర్య పరిశీలన ఉపగ్రహం ఏడాది తిరగ్గానే పెద్ద ఇబ్బందిలో పడింది. డేటాను భూమికి పంపే ఎక్స్ బ్యాండ్ రేడియో వ్యవస్థ 2007 చివరి నుంచి మొరాయించడం మొదలుపెట్టింది. 2008 మొదట్లో పనిని అంతకంటే నెమ్మదైన ఎస్ బ్యాండ్ రేడియోకు మార్చారు. సెకనుకు 4 మెగాబిట్లు దిగే చోట సుమారు 260 కిలోబిట్లు మాత్రమే దిగసాగాయి. పరికరాలకు ఏమీ కాలేదు, సూర్యుడూ మారలేదు. దారి మాత్రం ఇరుకైపోయింది. ఆ తర్వాత కూడా హినోడే ఏళ్ల తరబడి గొప్ప సైన్స్ ఇచ్చింది. పథకం వేసేవాళ్లు ప్రతి బిట్‌నూ లెక్కపెట్టడం నేర్చుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

ఆ లెక్క ఎలా వేస్తారో ఇందులో అడుగడుగునా చూద్దాం. హినోడే మీదున్న ఈఐఎస్ అనే అతినీలలోహిత స్పెక్ట్రోమీటర్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. సౌర భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్లకు, పరిశీలన సమయం కోసం ప్రతిపాదన రాసేవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. అంతరిక్ష నౌకలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలనే ఆసక్తి ఉన్నవాళ్లు కూడా చదవొచ్చు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

ముందుగా పరికరం గురించి నాలుగు మాటలు

స్పెక్ట్రోమీటర్ మామూలు కెమెరాలా ఒక్కసారిగా ఫొటో తీయదు. సూర్యబింబం మీద ఒక సన్నని నిలువు చీలికను, అంటే స్లిట్‌ను పెట్టి, దాని గుండా వచ్చిన వెలుగును తరంగదైర్ఘ్యాలుగా విడగొడుతుంది. ఒక ఎక్స్‌పోజర్‌లో మనకు దక్కేది ఒకే నిలువు గీత. అయితే ఆ గీతలోని ప్రతి బిందువుకూ పూర్తి వర్ణపటం ఉంటుంది. తర్వాత అద్దాన్ని కొద్దిగా కదిపి పక్క గీత తీస్తారు, ఆ తర్వాత ఇంకో గీత. ఇలా గీతలు పేర్చి బొమ్మ కట్టడాన్ని రాస్టర్ అంటారు. స్లిట్‌ను కదపకుండా ఒకే చోట వరసగా ఎక్స్‌పోజర్లు తీస్తే అది సిట్ అండ్ స్టేర్.

ఈఐఎస్ చూసేది రెండు పట్టీలు: 170 నుంచి 211 ఆంగ్‌స్ట్రాముల (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటర్‌లో పదో వంతు) వరకు ఒకటి, 246 నుంచి 292 వరకు ఇంకొకటి. స్లిట్లు రెండు, ఒకటి 1 ఆర్క్‌సెకను (డిగ్రీలో 3,600వ వంతు కోణం) వెడల్పు, మరొకటి 2. భూమి దగ్గర నుంచి చూస్తే సూర్యుడి మీద 1 ఆర్క్‌సెకను అంటే దాదాపు 725 కిలోమీటర్లు. రెండు డిటెక్టర్లలో తరంగదైర్ఘ్యం దిశలో 2048 చొప్పున మొత్తం 4096 పిక్సెళ్లు ఉంటాయి. వాటన్నిటినీ కిందకు దింపే స్తోమత ఎప్పుడూ ఉండదు. అందుకే కావలసిన వర్ణపట రేఖల (ఒక్కో అయాన్ నిర్దిష్ట తరంగదైర్ఘ్యం దగ్గర వెలువరించే వెలుగు) చుట్టూ చిన్న చిన్న విండోలు కత్తిరించుకోవాలి. ఈఐఎస్‌లో అలాంటివి 25 వరకు పెట్టుకోవచ్చు.

మొదటి అడుగు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"యాక్టివ్ రీజియన్‌ను గమనించాలి" అనేది ప్రశ్న కాదు (యాక్టివ్ రీజియన్ అంటే సూర్యుడి మీద అయస్కాంత క్షేత్రం బలంగా ఉన్న ప్రాంతం). దాంతో మొదలుపెడితే అన్ని రేఖలూ కావాలనిపిస్తుంది, పెద్ద బొమ్మ కావాలనిపిస్తుంది, వేగం కూడా కావాలనిపిస్తుంది. డేటా వాటా మొదటి గంటలోనే ఆవిరైపోతుంది.

మన ఉదాహరణకు ఇలా రాసుకుందాం: "యాక్టివ్ రీజియన్ అంచున ప్లాస్మా పైకి వెళ్లే ప్రవాహం ఆరు గంటల్లో మారుతుందా? ఆ ప్లాస్మా సాంద్రత ఎంత? మూలకాల పాళ్లు ఎలా ఉన్నాయి?" ఈ అంచు ప్రవాహాలు హినోడే బాగా చూపించిన విషయాల్లో ఒకటి. సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో పైకి కదిలే ఈ ప్లాస్మాలో కొంత సౌరపవనంలో కలుస్తుందా అనేది ఎంతో ముఖ్యమైన ప్రశ్న.

ఈ వాక్యంలోనే చాలా నిర్ణయాలు దాగి ఉన్నాయి. ఆరు గంటలు అన్నాం కాబట్టి గంటకో రాస్టర్ సరిపోతుంది, నిమిషానికొకటి అక్కర్లేదు. అంచు అన్నాం కాబట్టి రీజియన్ మొత్తం అవసరం లేదు. సౌరజ్వాలల ఊసే లేదు కాబట్టి కోటి డిగ్రీలు దాటిన ప్లాస్మా రేఖలు వదిలేయవచ్చు.

రెండో అడుగు: మీ వాటా ఎంతో కనుక్కోండి

హినోడే మీద మూడు పరికరాలున్నాయి. డేటా రికార్డర్ మూడింటికీ ఉమ్మడి ఆస్తి. ఏ పరికరానికి ఎంత అనేది పథకం సమావేశాల్లో తేలుతుంది. నార్వేలోని స్వాల్‌బార్డ్ వంటి భూ కేంద్రాల మీదుగా ఉపగ్రహం ఎన్నిసార్లు వెళ్తుందనే దాన్ని బట్టి మొత్తం మారుతుంది. ఆ అంకె చేతికి రాకముందు పథకం గీయడం మొదలుపెట్టొద్దు. ఈ వ్యాసం కోసం మన వాటా రోజుకు 250 మెగాబిట్లు అనుకుందాం. ఇది లెక్క చూపించడానికి నేను ఎంచుకున్న అంకె.

వెంటనే అందులోంచి సుమారు 15 శాతం పక్కన పెట్టేయండి. మిగిలేది దాదాపు 215. ఎందుకో కంప్రెషన్, అంటే డేటాను కుదించడం, దగ్గర చెబుతాను.

మూడో అడుగు: సూత్రం ఒక్కటే

ఒక ఎక్స్‌పోజర్ పరిమాణం = అన్ని విండోల వెడల్పుల మొత్తం × స్లిట్ ఎత్తు × పిక్సెల్‌కు బిట్లు ÷ కంప్రెషన్ నిష్పత్తి.

దాన్ని స్థానాల సంఖ్యతో గుణిస్తే రాస్టర్ పరిమాణం వస్తుంది.

మొదటిసారి పథకం వేసేవాళ్లు సాధారణంగా రాసుకొచ్చేదాన్ని లెక్కకట్టి చూద్దాం. 12 విండోలు, ఒక్కొక్కటి 32 పిక్సెళ్లు, ఎత్తు 304 పిక్సెళ్లు. 12 × 32 × 304 అంటే 1,16,736 పిక్సెళ్లు. ఈఐఎస్ పిక్సెల్‌కు 14 బిట్లు ఇస్తుంది కాబట్టి ఒక ఎక్స్‌పోజర్‌కు 16.3 లక్షల బిట్లు. 80 స్థానాలకు 131 మెగాబిట్లు. కంప్రెషన్ నాలుగో వంతుకు కుదించిందనుకుంటే ఒక రాస్టర్‌కు దాదాపు 33 మెగాబిట్లు. 215తో ఆరు రాస్టర్లు వస్తాయి. ఆరు గంటలకు సరిగ్గా ఆరు, ఇంక దేనికీ చోటు లేదు. సాంద్రత కోసమో, క్రమాంకనం కోసమో, మర్నాడు పోల్చుకోవడానికో చిల్లిగవ్వ మిగలదు.

కాబట్టి కోయాలి. ఎక్కడ కోయాలనేదే ఈ పనిలో అసలు విద్య.

నాలుగో అడుగు: రేఖలు, విండోలు

కోత ఇక్కడే మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. చాలామంది ముందు బొమ్మ సైజు తగ్గిస్తారు, లేదా కంప్రెషన్ పెంచుతారు. రెండూ తొందరపాటే. మీ వ్యాసంలో ఒక్క గ్రాఫ్‌లో కూడా కనిపించని రేఖ కోసం బొమ్మను బలి చేయకూడదు.

మన ప్రశ్నకు అవసరమైన రేఖలు ఇవి. ఐరన్ 12 అంటే 11 ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుము అయాన్ అని అర్థం. మిగతావీ అంతే.

ప్రవాహ వేగానికి ఐరన్ 12, 195.12 ఆంగ్‌స్ట్రాములు. ఈఐఎస్‌కు ఇది ప్రధాన రేఖ, ప్రకాశవంతంగా ఉంటుంది, డిటెక్టర్ సున్నితత్వం కూడా అక్కడ బాగా ఎక్కువ. సాంద్రతకు ఐరన్ 13 జంట: 202.04, 203.82. మూలకాల పాళ్లకు సిలికాన్ 10, 258.37; సల్ఫర్ 10, 264.22. ఈ రెండు అయాన్లు దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో పుడతాయి. కానీ సిలికాన్ సులభంగా అయనీకరణం చెందే మూలకం, సల్ఫర్ అంత సులభంగా చెందదు. అందుకే వాటి నిష్పత్తి ప్లాస్మా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే వేలిముద్ర లాంటిది. చల్లని పొరకు ఐరన్ 8, 185.21, వేడి పొరకు ఐరన్ 15, 284.16. వేగం ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో ఈ రెండూ చెబుతాయి.

మొత్తం ఏడు. పన్నెండు నుంచి ఏడుకు వచ్చినా ప్రశ్నలో ఒక్క ముక్క కూడా పోలేదు.

ఇక వెడల్పులు. ఈఐఎస్‌లో ఒక పిక్సెల్ 0.0223 ఆంగ్‌స్ట్రాములు. 195 దగ్గర అది సెకనుకు 34 కిలోమీటర్ల వేగానికి సమానం. రేఖ తాలూకు మందం మూడు నాలుగు పిక్సెళ్లు ఉంటుంది. సెకనుకు 100 కిలోమీటర్ల ప్రవాహం దాన్ని మూడు పిక్సెళ్లు పక్కకు జరుపుతుంది. దీనికి తోడు హినోడే ప్రతి 98 నిమిషాల కక్ష్యలో కొద్దిగా వేడెక్కి చల్లబడుతుంటే, రేఖ స్థానం డిటెక్టర్ మీద అటూఇటూ ఊగుతుంది, ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు రెండు పిక్సెళ్లు. వీటన్నిటికీ చోటు పోను, రెండు వైపులా నేపథ్య కాంతిని కొలవడానికి నాలుగైదు పిక్సెళ్లు ఉండాలి. 24 పిక్సెళ్లు చాలు. 16కు దిగితే మాత్రం రేఖ ఒక అంచుకు ఒరిగినప్పుడు నేపథ్యం కొలవడానికి ఏమీ మిగలదు. అలాంటి డేటాతో ఎంత కుస్తీ పట్టినా వేగం నమ్మకంగా తేలదు.

ఒక్క మినహాయింపు ఉంది. 203.82ను ఐరన్ 12 రేఖ ఒకటి ఆనుకుని ఉంటుంది. రెండింటినీ విడదీయాలంటే విశాలమైన విండో కావాలి. దానికి 48 ఇవ్వండి.

అంటే ఆరు రేఖలకు 24 చొప్పున 144, ఈ ఒక్కదానికి 48, మొత్తం 192. ఇందాకటి 384లో సరిగ్గా సగం! రాస్టర్ 33 నుంచి 16 మెగాబిట్లకు దిగింది. బొమ్మ సైజు, సమయం, నాణ్యత ఏవీ తగ్గలేదు.

వెడల్పులన్నీ ఎనిమిది గుణిజాలే అని గమనించే ఉంటారు. జేపెగ్ కంప్రెషన్ 8 × 8 గడులుగా పనిచేస్తుంది కాబట్టి విండో వెడల్పుకూ ఎత్తుకూ ఆ కొలతే పట్టుకోండి.

ఐదో అడుగు: స్లిట్, అడుగు దూరం, ఎత్తు

1 ఆర్క్‌సెకను స్లిట్‌తో 1 ఆర్క్‌సెకను చొప్పున కదిపితే బొమ్మ స్పష్టంగా వస్తుందని ఆశ పడతాం. ఈఐఎస్ అసలు చూపు సుమారు 3 ఆర్క్‌సెకన్ల దగ్గరే ఆగిపోతుంది. అంతకంటే సన్నగా గీతలు పేర్చితే బిట్లు పెరుగుతాయి గానీ వివరం అంతగా పెరగదు. 2 ఆర్క్‌సెకన్ల స్లిట్, 3 ఆర్క్‌సెకన్ల అడుగు తీసుకోండి. 80 స్థానాలకు 240 ఆర్క్‌సెకన్ల వెడల్పు వస్తుంది. మధ్యలో 1 ఆర్క్‌సెకను ఖాళీలు ఉంటాయి. మన ప్రశ్నకు అవి అడ్డు కావు.

ఎత్తు విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, రెండు డిటెక్టర్లు సూర్యుడి మీద కచ్చితంగా ఒకే చోట చూడవు. ఉత్తర దక్షిణ దిశలో వాటి మధ్య దాదాపు 18 ఆర్క్‌సెకన్ల తేడా ఉంది. 304 ఎత్తు పెడితే, చిన్న తరంగదైర్ఘ్యాల రేఖలకూ పెద్ద తరంగదైర్ఘ్యాల రేఖలకూ ఉమ్మడిగా దక్కేది 286 మాత్రమే. మీ అంచు ప్రాంతం సరిగ్గా విండో చివర ఉంటే సిలికాన్, సల్ఫర్ ఒక చోటివి, ఐరన్ ఇంకో చోటివి అవుతాయి.

రెండోది అంతకంటే ముఖ్యం. ఈఐఎస్‌లో తరంగదైర్ఘ్యాన్ని సరిచూసుకోవడానికి ప్రమాణ దీపం లేదు. వేగం ఎంత అని చెప్పాలంటే దేనితోనో పోల్చాలి. ప్రశాంత సూర్యుడి ముక్క ఒకటి బొమ్మలో ఉంటే అక్కడి సగటును ప్రమాణంగా తీసుకుంటారు. డేటా మిగుల్చుకుందామని ఎత్తును యాక్టివ్ రీజియన్ వరకే కత్తిరిస్తే ఆ ప్రమాణం చేజారిపోతుంది. ఖాళీగా కనిపించే ఆ కింది భాగం వృథా కాదు, అది మీ స్కేలు. దాన్ని మాత్రం కోయొద్దు.

ఆరో అడుగు: ఎక్స్‌పోజర్, వేగం

ఐదు సెకన్లు తీసినా యాభై సెకన్లు తీసినా డిటెక్టర్ నుంచి వచ్చే పిక్సెళ్ల సంఖ్య ఒక్కటే. అందుకే మసక లక్ష్యాలు డేటాపరంగా చవక. కరోనల్ హోల్‌ను (సూర్యుడి బయటి పొర కరోనాలో మసకగా కనిపించే ప్రాంతం) రెండు నిమిషాల ఎక్స్‌పోజర్లతో రోజంతా చూసినా వాటా దాటదు.

వేగంగా జరిగేవాటికి అలా కుదరదు. ఇవే విండోలతో సిట్ అండ్ స్టేర్ పెట్టి ఆరు సెకన్లకో ఎక్స్‌పోజర్ తీశారనుకోండి. ఒక్కొక్కటి కంప్రెషన్ తర్వాత 2 లక్షల బిట్లు. 250 మెగాబిట్లకు సుమారు 1,220 ఎక్స్‌పోజర్లు. అంటే రోజు వాటా అంతా రెండు గంటల్లో ఖాళీ. అంత తరచుగా తీయడం నిజంగా అవసరమైతే రేఖలను మూడుకు, ఎత్తును సగానికి తగ్గించండి.

మన ప్రశ్నకు 40 సెకన్ల ఎక్స్‌పోజర్ తీసుకుందాం. సల్ఫర్ రేఖ మసకగా ఉంటుంది, దానికి ఆ మాత్రం కావాలి. డిటెక్టర్‌ను చదవడానికి, అద్దాన్ని కదపడానికి పట్టే కొన్ని సెకన్లు కలుపుకుంటే 80 స్థానాలకు దాదాపు గంట. గంటకో రాస్టర్ అనే మన అవసరానికి సరిగ్గా అతికింది.

ఏడో అడుగు: కంప్రెషన్

ఈఐఎస్‌లో రెండు దారులున్నాయి. డీపీసీఎం ఏ సమాచారాన్నీ పోగొట్టదు, కానీ తక్కువ కుదిస్తుంది. జేపెగ్ కొంత పోగొడుతుంది, బాగా కుదిస్తుంది. దాని నాణ్యతను 98, 90, 85, 75 వంటి స్థాయిల్లో ఎంచుకోవచ్చు.

ఎంత పోగొట్టుకోవచ్చు అనేదానికి ఒక న్యాయమైన కొలత ఉంది. ఒక పిక్సెల్‌లో 400 ఫోటాన్లు పడితే, ఫోటాన్ల సహజ ఒడుదొడుకు వల్లే దాని విలువలో 20 ఫోటాన్ల అనిశ్చితి ఉంటుంది. అంతకంటే సూక్ష్మంగా ఆ అంకెను భద్రపరచడం శబ్దాన్ని భద్రపరచడమే. ప్రకాశవంతమైన రేఖలకు జేపెగ్ 90 హాయిగా సరిపోతుంది. మసక రేఖలతో ఇబ్బంది వస్తుంది. అక్కడ సంకేతమే చిన్నది, జేపెగ్ ముందుగా చెరిపేసేది అలాంటి చిన్న తేడాలనే. సల్ఫర్ రేఖ మీద మీ ఫలితం ఆధారపడి ఉంటే నాణ్యత తగ్గించే ముందు పాత డేటా మీద ప్రయత్నించి చూడండి.

ఇప్పుడు ఆ 15 శాతం సంగతి. కంప్రెషన్ నిష్పత్తి స్థిరమైన అంకె కాదు. ఫోటాన్లు నాలుగు రెట్లైతే ఒడుదొడుకు రెండు రెట్లవుతుంది, ఏమీ పోగొట్టకుండా దాన్ని భద్రపరచడానికి పిక్సెల్‌కు ఇంకో బిట్ కావాలి. కాబట్టి ఇందాక చవక అన్న ఎక్స్‌పోజర్ కూడా పూర్తిగా ఉచితం కాదు. ప్రశాంత ప్రాంతం మీద వచ్చిన నిష్పత్తిని పట్టుకుని యాక్టివ్ రీజియన్‌కు పథకం వేస్తే లెక్క తప్పుతుంది. మధ్యలో ఒక సౌరజ్వాల వచ్చిందంటే ఇంకా తప్పుతుంది. ఉపగ్రహం దక్షిణ అట్లాంటిక్ మీదుగా వెళ్లేటప్పుడు కణాల తాకిడికి డిటెక్టర్ నిండా తెల్ల చుక్కలు పడతాయి, అవీ సరిగా కుదియవు. వాటా దాటితే నష్టపోయేది చివర్లో తీసిన డేటా. సాధారణంగా పోలిక కోసం దాచుకున్నది అదే.

ఎనిమిదో అడుగు: రోజు మీద పరచడం

చేతిలో 215 మెగాబిట్లు ఉన్నాయి, రాస్టర్‌కు 16.3 చొప్పున.

ముందు వరసగా ఆరు రాస్టర్లు, 98 మెగాబిట్లు. ఆ తర్వాత ఐదు స్థానాల్లో పూర్తి వర్ణపటం: 4096 × 304 పిక్సెళ్లు, ఒక్కొక్కటి 4.4 మెగాబిట్లు, మొత్తం 22. ఇది విలాసం కాదు. విండోల్లో ఏదైనా రేఖ అనుమానంగా కనిపిస్తే పక్కన ఏమున్నాయో చెప్పేది ఇదొక్కటే. పన్నెండు గంటల తర్వాత మళ్లీ ఐదు రాస్టర్లు, 82. మొత్తం 202.

పరిసరాలు చూపే బొమ్మ కోసం బిట్లు ఖర్చు పెట్టకండి. 2010లో వెళ్లిన ఎస్‌డీఓ ఉపగ్రహం ఏఐఏ టెలిస్కోపులతో ప్రతి 12 సెకన్లకు సూర్యబింబం మొత్తాన్ని ఫొటో తీస్తూనే ఉంది. ఆ బొమ్మలు అందరికీ అందుబాటులో ఉన్నాయి.

మే నుంచి ఆగస్టు వరకు హినోడేకు గ్రహణ కాలం, ప్రతి కక్ష్యలో కొంతసేపు భూమి సూర్యుడిని కప్పేస్తుంది. గంట పట్టే రాస్టర్ అప్పుడు మధ్యలో తెగుతుంది. ఆ నెలల్లో స్థానాలు తగ్గించి రాస్టర్‌ను వెలుగున్న సమయంలోనే ముగిసేలా అమర్చుకోండి.

దూరపు నౌకల్లో ఏం మారుతుంది

2020 ఫిబ్రవరిలో బయలుదేరిన సోలార్ ఆర్బిటర్ మీద స్పైస్ అనే స్పెక్ట్రోమీటర్ ఉంది. సూత్రం ఇదే, నిబంధనలు మాత్రం ఇంకా కఠినం. ఒక్కో కక్ష్యలో 10 రోజుల చొప్పున మూడు పరిశీలన కాలాలు ఉండేలా దాన్ని రూపొందించారు. స్పైస్ సగటు వాటా సెకనుకు 17 కిలోబిట్లు, 30 రోజులకు కలిపి దాదాపు 44 గిగాబిట్లు. అందుకే అందులో వర్ణపటాల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన కంప్రెషన్ వాడతారు, అది సుమారు 20:1 వరకు కుదిస్తుంది. పక్కపక్క పిక్సెళ్లను ఉపగ్రహం మీదే కలిపేసే బిన్నింగ్ సౌకర్యమూ ఉంది.

పథకం వేసేవాళ్లకు పెద్ద తేడా కాలంలో కనిపిస్తుంది. నౌక దూరాన్ని బట్టి డేటా దిగే వేగం మారిపోతుంది. తీసినది జ్ఞాపకంలో వారాలు, నెలలు వేచి ఉండొచ్చు. ఆరు నెలల ముందే స్థూలంగా, తర్వాత వారాల వారీగా పథకం వేస్తారు. రోజూ కొంచెంగా దిగే తొలి బొమ్మలు చూసి చివర్లో గురి మాత్రం సవరిస్తారు. రేఖలు, విండోలు అప్పటికే ఖరారై ఉంటాయి. ఇంకో సంగతి: సూర్యుడి నుంచి 0.28 ఖగోళ ప్రమాణాల (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం ఒక ప్రమాణం) దగ్గర 1 ఆర్క్‌సెకను అంటే 203 కిలోమీటర్లే. భూమి దగ్గర వేసిన రాస్టర్‌ను అలాగే అక్కడికి పట్టుకెళ్తే, వెడల్పులో పావు వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే కవర్ అవుతుంది. ప్రశాంత సూర్యుడి ముక్క బొమ్మలోంచి జారిపోయే ప్రమాదం అక్కడ ఇంకా ఎక్కువ.

మన తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న వెళ్లిన ఆదిత్య ఎల్1 మీద కూడా, కరోనాను చూసే వీఈఎల్‌సీ అనే పరికరంలో వర్ణపటమాపక భాగం ఉంది. అది 530.3, 789.2, 1074.7 నానోమీటర్ల దగ్గర కరోనాలోని ఇనుము రేఖలను చూస్తుంది. ఉమ్మడి పరిశీలనకు ప్రతిపాదన రాసే తెలుగు విద్యార్థులు ఉంటే, రెండు నౌకల సమయాలు ఒకదానిమీద ఒకటి పడే గంటల్లోనే డేటా ఖర్చు పెట్టండి. మిగతా గంటల్లో తీసినవి ఎంత బాగున్నా ఆ ఉమ్మడి ప్రశ్నకు జవాబివ్వవు.

తొమ్మిదో అడుగు: పంపేముందు, వచ్చిన తర్వాత

పంపేముందు మొత్తాన్ని ఇంకొకరితో లెక్క కట్టించండి. మెగాబిట్లు, మెగాబైట్లు కలిసిపోవడం ఇక్కడ చాలా మామూలుగా జరిగే పొరపాటు, ఎనిమిది రెట్ల తేడా వచ్చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన రాస్టర్లను రోజు చివరికి కాకుండా ముందుకు జరపండి.

డేటా దిగాక గ్రాఫ్‌ల మీదకు దూకేముందు ఫైళ్ల పరిమాణం చూడండి. మనం 4 అనుకున్న కంప్రెషన్ నిష్పత్తి నిజంగా ఎంత వచ్చింది? ఏ లక్ష్యం, ఏ ఎక్స్‌పోజర్, ఏ జేపెగ్ స్థాయి అన్న వివరాలతో పాటు ఆ అంకెను ఒక పట్టికలో రాసి పెట్టండి. అలాంటి పది వరుసలు పోగయ్యాక ఆ 15 శాతాన్ని ధైర్యంగా 8కో 5కో తగ్గించుకోవచ్చు. మన ఉదాహరణలో 5 శాతానికి తగ్గితే 22 మెగాబిట్లు పైగా చేతికొస్తాయి, అంటే ఇంకో రాస్టర్‌కు చోటు దొరికినట్టే.